చివరి వరుస నుంచి ఒక ప్రశ్న

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపండన్నా అని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు ముందు మాకు రెండే తోచాయి. ఒకటి హాస్టల్ జ్ఞాపకాలు, రెండోది పోటీ పరీక్షలకు సలహాలు. జ్ఞాపకాలు ప్రతి ఏడూ ఎవరో ఒక సీనియర్ రాస్తూనే ఉన్నారు. ట్రంకు పెట్టె తాళంచెవి పోవడం, చారులో పప్పు వెతుక్కోవడం, కరెంటు పోయిన రాత్రి డాబా మీద పాటలు పాడుకోవడం పాత సంచికల్లో చాలాసార్లు వచ్చాయి. ఇక సలహాలంటారా, ఇచ్చేంత ఉద్యోగం మాకింకా రాలేదు. అందుకని హైదరాబాద్ వచ్చాక ఈ రెండేళ్లలో మేము అలవాటు చేసుకున్న ఒక పని గురించి, దాని మీద మాకు కలిగిన అభిప్రాయం గురించి రాస్తున్నాం. రచయితలు, సినిమా దర్శకులు జనం ముందుకొచ్చి మాట్లాడే సభలకు వెళ్లడమే ఆ పని.

మేము అంటే నలుగురం. ముగ్గురం మన హాస్టల్లో ఇంటర్, డిగ్రీ కలిపి ఐదేళ్లు ఉన్నవాళ్లం. నాలుగో ఆమె మన టౌన్‌లోని బాలికల హాస్టల్ నుంచి వచ్చింది, ఇప్పుడు తెలుగు ఎం.ఏ. చదువుతోంది. నలుగురికీ వయసు ఇరవై మూడు అటూ ఇటూ. మా నాలుగు ఇళ్లలోనూ డిగ్రీ పట్టా మొదట తెచ్చింది మేమే. కాగితం మీద రాస్తున్నది ఒకరే అయినా మాటలు నలుగురివి. ఇందులో తప్పులుంటే అవీ నలుగురివే.

మాలో ఒకరి అమ్మ ఫోన్‌లో అడిగింది. "ఆదివారం గూడ మీటింగేంది బిడ్డా, పైసలేమన్న ఇస్తరా?" ఇవ్వరమ్మా అంటే, "మరి తీస్కుంటరా?" అంది. తీసుకోరు అని చెబితే కాసేపు ఆగి, "మరి వాళ్లకేం లాభం?" అంది. ఆ మాటకు మా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. పేరున్న వాళ్లు మైకు పట్టుకుని కూడా అంత సూటిగా అడగరని తర్వాత రోజుల్లో మాకు తెలిసొచ్చింది.

తమ్ముళ్లకు తెలియడం కోసం ఆ చోట్ల గురించి కొంచెం చెబుతాం. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1లో లామకాన్ అని ఒక ఇల్లు ఉంది. అది ఫోటోగ్రాఫర్ మొయిద్ హసన్ గారి ఇల్లు. ఆ కుటుంబానికి చెందిన అష్హర్ ఫర్హాన్, ఆయన మిత్రులు కలిసి 2010లో దాన్ని అందరికీ తెరిచారు. మకాన్ అంటే ఇల్లని మనకు తెలుసు. లామకాన్ అంటే ఇల్లే లేనిది, ఒక చోటుకు కట్టుబడనిది అని అర్థమట. చుట్టూ పెద్ద పెద్ద బంగళాలు, ఎదురుగా మాల్, మధ్యలో ఒక పెద్ద బండరాయి పక్కన ఆరుబయలు వేదిక. నాటకం, పుస్తక చర్చ, డాక్యుమెంటరీ, ముషాయిరా, ఏదో ఒకటి జరుగుతుంటుంది. చాయ్, సమోసా మనం కొనగలిగే ధరకే దొరుకుతాయి. మొదటిసారి వెళ్లినప్పుడు గేటు దగ్గర ఆగి ఒకరి చెప్పులు ఒకరం చూసుకున్నాం, లోపలికి రానిస్తారో లేదోనని. ఎవరూ ఆపలేదు. పేరు కూడా అడగలేదు.

బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. అక్కడ ఒక హాలుకు దొడ్డి కొమురయ్య పేరు పెట్టారు. 1946లో కడవెండిలో దొర మనుషుల తూటాకు పడిపోయిన మనిషి పేరున్న హాల్లో కూర్చుని కవిత్వం మీద మాట్లాడుకుంటుంటే మాకు మొదట్లో ఏదోలా ఉండేది. రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉంది. కరీంనగర్‌లో పుట్టి, బొంబాయిలో మూకీ సినిమాల కాలం నుంచే హీరోగా నిలబడి, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్న జైరాజ్ గారి పేరు అది. 2016లో భాషా సాంస్కృతిక శాఖ అక్కడ 'సినివారం' పేరుతో శనివారాల్లో కొత్తవాళ్ల చిన్న సినిమాలు వేసి, తీసినవాళ్లతో మాట్లాడించడం మొదలుపెట్టింది. డిసెంబరు, జనవరి రోజుల్లో పుస్తక ప్రదర్శన పెడితే అక్కడా వేదిక ఉంటుంది. మొత్తానికి హైదరాబాద్‌లో ఏదో ఒక సాయంత్రం ఎక్కడో ఒకచోట మాట ఉచితంగానే దొరుకుతుంది. బస్సు ఖర్చే మనది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు కూడా ఉచితమయ్యాక మాలో ఆమెకు అదీ లేదు. (ఈ విషయంలో మిగతా ముగ్గురికీ ఆమె మీద కొంచెం కుళ్లు ఉంది.)

ఇక అసలు సంగతి. కిందటి ఏడాది ఒక హాల్లో ఒక చిన్న సినిమా వేశారు. హాలు పేరు, దర్శకుడి పేరు ఇక్కడ అక్కర్లేదు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివే ఒక పిల్లవాడి కథ అని కాగితంలో రాశారు. మన కథ అనుకుని క్లాసు ఎగ్గొట్టి మరీ వెళ్లాం. చివరి వరుసలో కూర్చున్నాం. ఎప్పుడూ అక్కడే కూర్చుంటాం, ఎవరూ కూర్చోమనకపోయినా.

సినిమా బాగా తీశారు. కెమెరా బాగుంది, వాన పడే దృశ్యం బాగుంది. కానీ ఇరవై నిమిషాల్లో ఒక్క పిల్లవాడూ నవ్వలేదు. ప్లేట్లు పట్టుకుని వరుసలో నిలబడ్డప్పుడు ఏడుపు ముఖాలు, పడుకున్నప్పుడు ఏడుపు ముఖాలు. ఆ పిల్లవాడు మూలన ఒంటరిగా కూర్చుని అన్నం తింటాడు. మాలో ఒకడు మా చెవిలో, "ఒరేయ్, హాస్టల్లో ఒక్కడే తిననిస్తార్రా ఎవరైనా?" అన్నాడు. నిజమే కదా. మన డైనింగ్ హాల్లో ఒకడు ప్లేటు పట్టుకుని మూలకు పోతే ఐదుగురు వెంటపడి ఏమైందిరా అని అడుగుతారు, ఆరోవాడు వాడి ప్లేట్లో గుడ్డు తీసుకుని పారిపోతాడు. మన కష్టాలు మనకున్నాయి. బాత్రూంల సంగతి, దుప్పట్ల సంగతి ఎవరూ మనకు చెప్పనక్కర్లేదు. కానీ కష్టం ఉన్నచోట నవ్వు ఉండదని ఆ దర్శకుడికి ఎవరు చెప్పారు?

ఇదే అడగాలనుకున్నాం. సినిమా అయ్యాక దర్శకుడు చాలాసేపు మాట్లాడారు. ఆరు నెలలు పరిశోధన చేశానన్నారు. తర్వాత ప్రశ్నలకు సమయం ఇచ్చారు. మైకు పట్టుకుని తిరిగే వలంటీరు ముందు మూడు వరుసల దాకా వచ్చి అక్కడే ఆగిపోయాడు. మొదటి ఆయన లేచి ప్రశ్న అడక్కుండా తన అనుభవాలు చెప్పారు. రెండో ఆయన 1948లో వచ్చిన ఇటలీ సినిమా 'బైసికిల్ థీవ్స్'తో పోల్చి తొమ్మిది నిమిషాలు మాట్లాడారు. మేము గడియారం చూస్తూనే ఉన్నాం, ఎందుకంటే ఆమె హాస్టల్ గేటు మూసేస్తారు. మూడో ఆవిడ సినిమా చూసి ఏడ్చానన్నారు. అంతే, సమయం మించిపోయిందని అధ్యక్షులవారు ముగించారు. మాలో ఒకడి చెయ్యి భుజం దాకా లేచి, తల గోక్కున్నట్టు చేసి కిందికి దిగింది. అది మేమందరం చూశాం.

ఆ రాత్రి బస్సులో దారంతా ఆ ప్రశ్నే అడుగుకున్నాం, ఒకరినొకరం. బస్సులో ఎంత బాగా వచ్చిందో ఆ ప్రశ్న! కండక్టరు కూడా వెనక్కి తిరిగి చూశాడు.

మా అభిప్రాయం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఆ హాలు తలుపు మనకు తెరిచే ఉంది, కుర్చీ కూడా ఉంది. ఈ మాత్రం కూడా లేని రోజులు మన తాతలు చూశారు, కాబట్టి దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ సభలో సగం మాట వేదిక మీద వాళ్లదైతే మిగతా సగం ప్రశ్నది. ఆ సగంలో మనం లేము. వేదిక మీద మన ఊరు, మన అమ్మ, మన హాస్టల్ కథలవుతుంటే, సినిమాలవుతుంటే, "అది అలా ఉండదండీ" అని చెప్పాల్సినవాడు చివరి వరుసలో తల గోక్కుంటున్నాడు. అప్పుడు ఆ దర్శకుడు తీసిందే నిజమని హాలంతా నమ్మి ఇంటికి పోతుంది. తర్వాత సినిమా కూడా అలాగే తీస్తాడు. అందులో ఆయన తప్పెంతో మన మౌనం తప్పూ అంతే అని మేము అనుకుంటున్నాం. దీని మీద మా నలుగురిలోనే గొడవ ఉంది. మైకు వెనకదాకా రానప్పుడు తప్పు మనదెలా అవుతుందని ఒకరి వాదన. ఆ వాదనలోనూ న్యాయం ఉంది కాబట్టి దాన్నీ రాస్తున్నాం.

ఇవన్నీ మనవాళ్లకు కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ గారు 1906లోనే జగన్ మిత్ర మండలి పెట్టి, పేటల్లో హరికథలు, భజనలు, ఉపన్యాసాలు ఏర్పాటు చేశారు. అప్పటికి ఆయన వయసు పద్దెనిమిదేళ్లు. అంటే మన ఇంటర్ తమ్ముళ్ల వయసు. మనవాళ్లు నలుగురూ ఒకచోట కూర్చుని చెప్పింది వినడం, మాట్లాడుకోవడం చదువుతో సమానమైన పనని ఆయన అనుకున్నారు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించాక, ఆ సభ 1925లో షోలాపూర్‌లో విద్యార్థులకు వసతిగృహం తెరిచింది. ఆ హాస్టల్ విద్యార్థులు 'సరస్వతీ విలాస్' అని ఒక మాసపత్రిక నడిపారు. బొంబాయిలో సభ తరఫున ఉచిత పఠన మందిరం కూడా ఉండేది. నూరేళ్ల కింద షోలాపూర్ హాస్టల్ పిల్లలు నెలకొకటి తెచ్చారు. మనం ఏడాదికి ఒకటి తెస్తున్నాం, అదీ యాడ్స్ దొరికితేనే. సంపాదకవర్గం తమ్ముళ్లు కోపగించుకోవద్దు.

అదే షోలాపూర్ జిల్లా నుంచి వచ్చిన దర్శకుడు నాగరాజ్ మంజులే. ఆయన 2013లో తీసిన మరాఠీ సినిమా 'ఫాండ్రీ'ని మేము డిగ్రీలో ఉన్నప్పుడు హాస్టల్ గదిలో ఒక లాప్‌టాప్ చుట్టూ పదకొండు మంది చేరి చూశాం. ఒక కైకాడి కుటుంబం, ఊళ్లో పందులు పట్టే పని, బడికి పోయే జబ్య అనే పిల్లవాడు. ఫాండ్రీ అంటే కైకాడి భాషలో పంది. మన మాటకు ఎంత దగ్గరో చూడండి. సినిమా చివర జబ్య విసిరిన రాయి నేరుగా చూస్తున్న మన ముఖం మీదికే వస్తుంది. అది అయిపోయాక గదిలో చాలాసేపు ఎవరూ లైటు వేయలేదు. అయినా ఆ సినిమాలో నవ్వుంది, ఆట ఉంది, ఒక అమ్మాయి మీద ఇష్టం ఉంది, నల్ల పిట్ట కోసం పరుగుంది. కన్నడ కవి సిద్ధలింగయ్య గారి ఆత్మకథ 'ఊరు కేరి'లో కూడా అంతే. ఆయన హాస్టల్లో ఉండి చదువుకున్నవారు, 2021లో చనిపోయారు. ఆ పుస్తకంలో ఆకలి పక్కనే నవ్వు కూర్చుని ఉంటుంది. అందుకే ఆ హాల్లో చూసిన చిన్న సినిమా మాకు అబద్ధంలా అనిపించింది. ఇవేవీ చూడకుండా, చదవకుండా పోయి ఉంటే అది కూడా మాకు తెలిసేది కాదు.

ఇంకో సభ గురించి చెబుతాం. ఒక రచయిత్రి కథల పుస్తకం మీద ముఖాముఖి. ఈసారి మేము బుద్ధి తెచ్చుకుని పుస్తకం ముందే చదివాం. కొనలేదు, లైబ్రరీలో తీసుకుని నాలుగు రోజుల్లో నలుగురం చదివాం. ఆమె ప్రశ్నను ఒక జిరాక్స్ కాగితం వెనక రాసుకుంది. మూడుసార్లు కొట్టేసి నాలుగోసారి రాసింది. ఇంకో పని కూడా చేశాం. రెండో వరుసలో కూర్చున్నాం. అక్కడ కూర్చున్నంతసేపూ ఎవరో వచ్చి లేవమంటారని మెడ వెనక దురదగా ఉంది.

మైకు రాగానే ఆమె చెయ్యి వణికింది. కాగితం వణకడం వెనకున్న వాళ్లకూ కనిపించే ఉంటుంది. అయినా చదివేసింది. "మేడమ్, మీ కథలో అమ్మకు చదువు రాదు కాబట్టి వడ్డీవాడు ఏ కాగితం పెడితే దాని మీద వేలిముద్ర వేసేస్తుంది. మా అమ్మకూ చదువు రాదు. కానీ ఆమె ఏ కాగితం వచ్చినా ముగ్గురితో చదివిస్తుంది. బడికి పోయే పిల్లతో ఒకసారి, అంగన్‌వాడీ టీచరమ్మతో ఒకసారి, ముక్కూ మొహం తెలియని మనిషితో ఒకసారి. ముగ్గురూ ఒకటే చెబితేనే వేలు పెడుతుంది. మీ కథలో అమ్మ ఒక్కరిని కూడా ఎందుకు అడగదు?"

రచయిత్రి గారు వెంటనే మాట్లాడలేదు. నీళ్ల సీసా మూత తీసి మళ్లీ పెట్టారు. తర్వాత, "నాకు తట్టలేదమ్మా. కథ నడవాలి కాబట్టి ఆమెను అలా చేశాను" అన్నారు. హాల్లో ఒకరిద్దరు చప్పట్లు కొట్టబోయి ఆగారు. సభ అయ్యాక ఆమె మా దగ్గరికి వచ్చి ఆ కాగితం ఇస్తావా అని అడిగి, మడిచి తన సంచిలో పెట్టుకున్నారు. కాగితం ముందు వైపు భాషాశాస్త్రం నోట్సు ఉంది, అది మళ్లీ ఇంకొకరి దగ్గర జిరాక్స్ తీసుకోవాల్సి వచ్చింది.

ఆ రచయిత్రి మీద మాకు చాలా గౌరవం కలిగింది. తట్టలేదని నలుగురిలో ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. మొదటి సభలో దర్శకుడిని మేము అడిగి ఉంటే ఆయనా అలాగే ఒప్పుకునేవారేమో. అడగకుండానే ఆయన మీద ఒక అభిప్రాయం ఏర్పరుచుకున్నామని ఇప్పుడనిపిస్తోంది.

అంతా గొప్పగా చేశామని రాస్తే అది అబద్ధం. ఇంకో సభలో మాలో ఒకడు మైకు దొరికిందే చాలన్నట్టు ఒక దర్శకుడిని ఐదు నిమిషాలు దులిపేశాడు. మీ సినిమాల్లో మావాళ్లెక్కడ, మీకు సిగ్గు లేదా అన్న ధోరణిలో. మేము ముగ్గురం ఈలలు వేశాం. బయటికి వచ్చి చాయ్ తాగుతుంటే తెలిసింది, అందులో ప్రశ్న లేదని. ఆయన జవాబు చెప్పడానికి మేము ఏమీ అడగలేదు. పైగా ఆయన సినిమాలు మాలో ఒక్కరం కూడా పూర్తిగా చూడలేదు. బైసికిల్ థీవ్స్ పెద్దాయనకు, మాకు తేడా ఏముంది? ఆయనా తొమ్మిది నిమిషాలు తన మాటే వినిపించుకున్నాడు, మేమూ ఐదు నిమిషాలు మా మాటే వినిపించుకున్నాం. అంతకంటే సిగ్గుపడే సంగతి ఇంకోటుంది. అదే దర్శకుడు కారు ఎక్కుతుంటే మాలో ఇంకొకడు వెంటపడి, "సార్, ఏమన్నా ఛాన్స్ ఉంటే చెప్పండి సార్" అన్నాడు. ఎవరో చెప్పం. మీరు ఊహించిన వాడే.

ఇదంతా చదివి కొందరు తమ్ముళ్లు, పోటీ పరీక్షలకు కూర్చునే అన్నలు ఒక మాట అంటారని మాకు తెలుసు. సభలకు పోతే ఉద్యోగం వస్తుందా అని. రాదు. ఇది వ్యక్తిత్వ వికాసం వ్యాసం కాదు, కాబట్టి వస్తుందని చెప్పలేం. ఆదివారం సాయంత్రం సభకు పోతే మూడు గంటలు పోతాయి, ఆ మూడు గంటల్లో ఒక మోడల్ పేపర్ రాయొచ్చు. ఇంట్లో అప్పు ఉన్నవాడు, చెల్లెలి పెళ్లి ఉన్నవాడు ఆ పేపరే రాస్తానంటే మేము కాదనం. మాలో ఒకడు పరీక్షల ముందు మూడు నెలలు ఎక్కడికీ రాలేదు, మేమూ పిలవలేదు. ఇంకొందరు అంటారు, ఆ మాటలన్నీ సెల్‌ఫోన్‌లో వీడియోలుగా వస్తాయి కదా, గదిలో పడుకుని చూడొచ్చు కదా అని. చూడొచ్చు, మేమూ చూస్తాం. కానీ సెల్‌ఫోన్ ముందు చెయ్యి ఎత్తితే మైకు రాదు. కింద కామెంట్ రాస్తే ఆ మనిషి నీళ్ల సీసా మూత తీసి ఆలోచించడం మనకు కనబడదు.

మా లెక్క ఇది. మనలో కొందరం రేపు ఆఫీసర్లమవుతాం, టీచర్లమవుతాం. మిగతా చాలామందిమి ఏదో ఒక ఆఫీసులో ఏదో ఒక కౌంటర్ ముందు నిలబడతాం. అక్కడ కూడా "సార్, ఇది ఇలా ఎందుకుంది?" అని అడగాల్సి వస్తుంది. మన అమ్మానాన్నలు అడగలేకపోయిన చోట్లవి. వాళ్లకు తెలివి లేక కాదు, ముగ్గురితో చదివించుకునే తెలివి చూశాం కదా. అడిగితే కసురుకుంటారని వాళ్లకు తెలుసు. రచయితను ప్రశ్న అడిగితే కసురుకోరు. కసురుకున్నా మన పింఛను ఆగదు, కూలి ఆగదు. అడగడం నేర్చుకోవడానికి ఇంతకంటే నష్టం తక్కువైన చోటు మాకు కనబడలేదు.

సభలు పెట్టేవాళ్లతో కూడా ఒక మాట. ఈ సంచిక మన పూర్వ విద్యార్థుల చేతుల్లోకి వెళుతుంది, వాళ్లలో పుస్తకావిష్కరణలు, సాహిత్య సభలు జరిపేవాళ్లున్నారు. అన్నలారా, అక్కలారా, ప్రశ్నలను చివరి పది నిమిషాలకు నెట్టకండి. ఆ పది నిమిషాలూ సొంత బండి ఉన్నవాళ్లవి. రాత్రి ఎనిమిదిన్నర తర్వాత హాల్లో మిగిలేది ఎవరో ఒకసారి వెనక్కి తిరిగి లెక్కపెట్టండి. ఆడపిల్లల హాస్టల్ గేటు సంగతి మీకు తెలియంది కాదు. బస్సు ఉచితమైనా గేటు ఉచితం కాలేదు. ఆరు గంటల సభను ఆదివారం మూడు గంటలకు పెడితే నష్టమేమిటి? మైకు వెనక వరుస నుంచి మొదలుపెట్టి ముందుకు తీసుకురండి. మాట్లాడటానికి భయపడేవాళ్ల కోసం చీటీలు పంచండి, పేరు రాయకుండా ప్రశ్న రాస్తారు. మొదట్లో పిచ్చి ప్రశ్నలు కూడా వస్తాయి. ముందు వరుసల నుంచి వచ్చేవన్నీ గొప్పవేం కావు కదా.

ఇక మన హాస్టల్ సంగతి. వార్షికోత్సవానికి ముఖ్య అతిథి వస్తారు, గంటసేపు మాట్లాడతారు, బాగా చదువుకోండి అంటారు, శాలువా కప్పించుకుని వెళ్లిపోతారు. ఐదేళ్లలో ఐదుగురు అతిథులను విన్నాం, ఒక్కరినీ ఒక్క ప్రశ్న అడగలేదు. అడగొచ్చని కూడా మాకు తెలియదు. ఈ ఏడు ఒక చిన్న ప్రయత్నం చేద్దామని వార్డెన్ సారును అడిగాం. సారు ముందు సందేహించారు, "ఏం అడుగుతారో ఏమో వీళ్లు" అన్నారు. తర్వాత, మెస్ గురించి అడగకపోతే సరే అని నవ్వారు. మెస్ గురించి కూడా అడుగుతామేమో, మాట ఇవ్వలేదు.

వార్షికోత్సవం అయిన తర్వాతి ఆదివారం ఉదయం పది గంటలకు డైనింగ్ హాల్లో కూర్చుందాం. పెద్ద దర్శకులెవరూ రావడం లేదు. పాతికేళ్ల కింద మన హాస్టల్లోనే ఉండి, ఇప్పుడు కథలు రాస్తున్న ఒక అన్న వస్తానన్నారు. ఆయన పావుగంట మాత్రమే మాట్లాడతారు, మిగతా సమయమంతా ప్రశ్నలకే. ఆయన కథ ఒకటి ఇరవై కాపీలు జిరాక్స్ తీసి పంపుతున్నాం, గదికి ఒకటి చొప్పున తీసుకోండి. చదవకుండా రావద్దు. బాలికల హాస్టల్ వాళ్లను పిలవడానికి అక్కడి మేడం ఒప్పుకున్నారు, పగటి పూట కాబట్టి గేటు బాధ లేదు. చీటీల డబ్బా శనివారం నుంచే వంటగది కిటికీ దగ్గర ఉంటుంది. వంట చేసే అక్కలు, వాచ్‌మన్ తాత కూడా వేయొచ్చు. రాయడం రానివాళ్లు చెబితే మేము రాసిపెడతాం.